రేకులు లేచిపోయిన కొట్టం దగ్గర ఒక రోజు: నారాయణఖేడ్ ప్రయాణం

కిందటేడాది మే నెలలో ఒక మధ్యాహ్నం మా కొట్టంలో మల్లి అనే బర్రె నిలబడ్డ చోటే కూలబడి, పొద్దు గూకేలోపు ప్రాణం విడిచింది. దానికి ఏ రోగమూ లేదు. ఉక్కకు తట్టుకోలేక పోయింది. మాది శంకర్‌పల్లి దగ్గర పల్లె. అంతకు ముందు ఏడాదే పాత గడ్డి పాక తీసేసి, నాలుగు వైపులా ఇటుక గోడలు రేకుల దాకా లేపి పక్కా కొట్టం కట్టించాం. దొంగల భయం ఉండదని, చలి తగలదని మేస్త్రి చెబితే అందరికీ నచ్చింది. తీరా ఎండలు ముదిరేసరికి లోపల బర్రెలు నోళ్లు తెరిచి రొప్పడం మొదలుపెట్టాయి. వానాకాలంలో తలుపు తీస్తే మూత్రం ఘాటుకు మన కళ్లలో నీళ్లు తిరిగేవి, దూడలు దగ్గేవి. మల్లి పోయిన రోజు వచ్చిన పశువుల డాక్టరు లోపల కాసేపు కూడా నిలబడలేక బయటికి వచ్చి, మందుల సంగతి తర్వాత, ముందు గాలి ఎటునుంచి వచ్చి ఎటు పోవాలో చూసుకోండి అన్నాడు.

ఆ మాట పట్టుకుని ఇంట్లో నెలల తరబడి వాదన నడిచింది. మా ఆయన రవి పెద్ద ఫ్యాన్లు పెట్టిద్దామంటాడు. ఎండాకాలం కరెంటు పోయేదే మధ్యాహ్నం కదా అంటాను నేను. గోడలను నడుము ఎత్తుకు దించాలని, రేకులను పైకి లేపాలని, కప్పు నడినెత్తిన, కొప్పు దగ్గర వేడి గాలి పోవడానికి సందు వదలాలని నా పట్టు. ఇది నేను ఊహించుకున్నది కాదు. సంగారెడ్డిలో పాడి రైతుల శిక్షణలో పరిచయమైన సంగమ్మక్క మనూర్ మండలంలోని తన ఊళ్లో కొట్టాన్ని సరిగ్గా ఇలాగే మార్చుకుంది. మార్చాక బర్రెలు పగటిపూట కూడా పడుకుని నెమరేస్తున్నాయని, పాలు తగ్గలేదని ఫోన్లో చెప్పేది. చివరికి రవీ నేనూ ఒక మాట అనుకున్నాం. నేను వెళ్లి కళ్లారా చూసి, ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పాలి. బాగుంటే సోమవారం మేస్త్రి వచ్చి గోడలు దించుతాడు. లేదంటే ఫ్యాన్లకు బయానా ఇచ్చేస్తాం. ఇంకో ఎండాకాలం ఊరికే గడవనివ్వకూడదని మాత్రం ఇద్దరికీ పట్టుదలగా ఉంది.

ఏప్రిల్ రెండో వారంలో ఒక శనివారం బయలుదేరాను. తెల్లవారగానే సంగారెడ్డి చేరి, ఆరున్నర ప్రాంతంలో నారాయణఖేడ్ బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్టు కాబట్టి నాకు ఖర్చు లేదు. జోగిపేట దాకా రోడ్డు విశాలంగా సాగుతుంది. ఆ తర్వాత ఇంకొంత దూరం పోయి, పెద్ద రోడ్డు వదిలి ఎడమకు తిరిగాక ఊళ్లు పలచబడతాయి. నల్లరేగడి చేలు కోతలు అయిపోయి ఎండకు నెర్రెలు విచ్చి ఉన్నాయి. అక్కడక్కడా కంది కట్టె కుప్పలు, జొన్న చొప్ప వాములు. ఒక చోట రోడ్డు పక్క తుమ్మచెట్టు వేళ్లతో సహా ఒరిగి ఉంటే, మొన్న గాలిదుమారం వచ్చిందని పక్క సీటావిడ చెప్పింది. నేను పెద్దగా పట్టించుకోలేదు.

రెండు గంటలు దాటాక నారాయణఖేడ్‌లో దిగాను. ఇక్కడ ఆగి తిని వెళ్లడం మంచిది, ముందుకు పోతే హోటళ్లు ఉండవు. బస్టాండ్ ఎదురుగా సందులో ఒకామె పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు కొడుతోంది. రెండు రొట్టెలు, పప్పు, పచ్చికారం కలిపి యాభై రూపాయలు. చేతులు ఆడిస్తూనే ఎక్కడికని అడిగింది. మనూర్ దిక్కు, బర్రెల కొట్టం చూడడానికి అని చెప్పాను. ఆమె ఒక్క క్షణం చేయి ఆపింది.

"కొట్టం జూడనీకి గింత దూరమొస్తరా? మా దిక్కు అందరు గుడి జూడనీకి వోతరు."

నేను నవ్వి, నీళ్ల సీసా నింపుకుని ఆటోలు ఆగే చోటికి నడిచాను. మనూర్ వైపు షేర్ ఆటోలు నిండితేనే కదులుతాయి. నాకు అరగంట పట్టింది. మనిషికి నలభై తీసుకున్నాడు. డ్రైవరు పక్కన కూర్చున్నాను కాబట్టి ఏ ఊరు, ఎవరింటికి అన్న ప్రశ్నలు తప్పలేదు. సంగమ్మక్క పేరు చెప్పగానే అతను నా వైపు తిరిగి చూశాడు.

"సంగమ్మోళ్ల కొట్టం చూడనీకా? మొన్నటి గాలికి రేకులు లేచి చెలకల వడ్డయ్ గదా. నీకు ఎరుక లేదా అక్కా?"

నాకు తెలియదు. ముందు రోజు రాత్రి ఫోన్లో మాట్లాడినప్పుడు కూడా సంగమ్మక్క ఆ సంగతి చెప్పలేదు. తప్పకుండా రమ్మని మాత్రమే అంది. ఆటో గుంతల్లో ఎగురుతుంటే నాకు రవి ముఖం కనిపించింది. ఎత్తయిన కప్పు, తెరిచిన గోడలు అని ఇన్ని నెలలు వాదించి, ఇప్పుడు ఆ కప్పే ఎగిరిపోయిందని ఎలా చెప్పడం? అక్కడే దిగి వెనక్కి వెళ్లే ఆటో ఎక్కుదామా అని కూడా అనిపించింది. కానీ ఇంత దూరం వచ్చింది నాకు ఇష్టమైనదే చూసిపోవడానికి కాదు కదా. డ్రైవరు ఆపిన చోట దిగి, అతను చూపిన బాట పట్టి నడిచాను.

ఊరి చివర ఇల్లు. వెనక కొట్టం. తూర్పు వైపు సగం కప్పు అలాగే ఉంది. పడమటి సగానికి మాత్రం పైపు స్తంభాలు, విరిగిన రెండు కట్టెలు మిగిలాయి. పక్క మెట్ట చెలకలో వంగిన రేకులు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. వాటి మధ్యలో సంగమ్మక్క కొంగు నడుముకు బిగించి, చెక్క సుత్తితో ఒక రేకును చదును చేస్తోంది. నన్ను చూసి లేచి వచ్చి చేయి పట్టుకుంది. ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తె నువ్వు రాకపోతుంటివి చెల్లె. ఏది నిలవడ్డదో, ఏది లేచిందో రెండూ జూడు. చూసినంక నీ ఇష్టం."

ఆమెకు నలభై దాటి ఉంటాయి. భర్త బసప్ప వ్యవసాయం చూసుకుంటే ఆరు బర్రెల పని ఆమెది. దుమారం వచ్చిన సాయంత్రం బర్రెలన్నీ అదృష్టంకొద్దీ తూర్పు వైపే కట్టేసి ఉన్నాయట. ఒకదానికి వీపు మీద గీరుకుపోయింది, అంతే. కానీ మిగిలిన సగం కప్పు కూడా లేస్తుందేమోనన్న భయంతో ఆ రాత్రే ఆరింటినీ పక్కనే ఉన్న బావగారి కొట్టంలోకి మార్చారు. బసప్ప అన్న వీరప్పది మా కొట్టం లాంటిదే. తక్కువ ఎత్తు రేకులు, నాలుగు గోడలు, ఒకే తలుపు. తమ్ముడి భార్య కొట్టాన్ని తెరిచినప్పటి నుంచి ఆయనకు గిట్టడం లేదు. ఇప్పుడు కప్పు లేచిపోయాక అన్నదమ్ములిద్దరూ ఒక మాట మీదికి వచ్చారు. గోడలు మళ్లీ పైదాకా కట్టేయాలి, రేకులు కిందికి దించేయాలి. ఆ మధ్యాహ్నమే ట్రాక్టరులో ఇటుకలు వస్తున్నాయి. నేను వెళ్లేసరికి వీరప్ప అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నేనెవరో తెలుసుకుని, నాకు వినబడేట్టే మరదలితో అన్నాడు.

"గాలిని ఇంట్లకు పిలిస్తివి, వచ్చింది. ఇగ చాలు."

సంగమ్మక్క నన్ను నిచ్చెన దగ్గరికి తీసుకుపోయి చూపించింది. తూర్పు సగంలో రేకులను ఇనుప పైపులకు హుక్ బోల్టులతో బిగించారు. పడమర వైపు వచ్చేసరికి పైపులు చాలక, పాత కొట్టం కట్టెలే వాడి మేకులు కొట్టారు. మేకులు ఊడిన కట్టెలను, చిరిగిన రేకు తూట్లను ఆమె ఒక్కొక్కటే వేలుపెట్టి చూపింది. పైగా అటువైపు వానజల్లు పడకుండా చూరును బాగా బయటికి వదిలారు. దుమారం ఆ చూరు కిందే పట్టుకుని లేపింది. బోల్టులున్న సగం మీదుగా కూడా అదే గాలి పోయింది, ఒక్క రేకూ కదల్లేదు. తప్పు తెరిచిన గోడలది కాదు, బిగింపుది అని ఆమె లెక్క. బసప్పకు రెండు రోజులుగా అదే చెబుతోంది. ఆయన విన్నాడు కానీ, ఊళ్లో నవ్వులపాలయ్యామన్న బాధ ఆయన్ను వదలడం లేదు.

నాకు ఆమె చెప్పింది సబబుగానే తోచింది. కానీ తోచడం వేరు, ఇంటికి ఫోన్ చేసి గోడలు కొట్టించమని చెప్పడం వేరు. నా ఎదురుగా సగం కప్పు లేని కొట్టం ఉంది. నేనూ ఒక రేకు పట్టుకుని చదును చేయడానికి కూర్చున్నాను.

పన్నెండు దాటాక బర్రెలకు నీళ్లు పెట్టే వేళ అయింది. ఇద్దరం బకెట్లు పట్టుకుని వీరప్ప కొట్టంలోకి వెళ్లాం. తలుపు దాటగానే వేడి ముఖానికి కొట్టింది. రేకులు నెత్తి మీదే ఉన్నట్టున్నాయి. పెండ వాసన, మూత్రం ఘాటు, ఈగలు. ఆయన పశువులూ వీళ్లవీ కలిసి ఇరుగ్గా నిలబడి ఉన్నాయి. ఒక్కటీ పడుకోలేదు. లోపలి మూలకు ఉన్నది సూడి బర్రె, ఈనడానికి మూడు వారాలే ఉందట. దాని మెడ ముందుకు సాగి ఉంది. నోరు తెరిచి నురగ కారుస్తూ డొక్కలు ఎగరేస్తోంది. బకెట్ ముందు పెడితే మూతి కూడా తిప్పలేదు. మల్లి కూలబడే ముందు సరిగ్గా ఇలాగే ఉంది. అక్కా, ఇది నిలబడదు, ఇప్పుడే బయటికి తీద్దాం అన్నాను.

సంగమ్మక్క అప్పటికే పలుపు విప్పుతోంది. వీరప్ప తలుపు దగ్గరికి వచ్చి అడ్డం నిలబడ్డాడు. మిట్టమధ్యాహ్నం ఎండలోకి తీస్తే చచ్చిపోతుందని, సాయంత్రం దాకా ఆగమని ఆయన అన్నది కోపంతో కాదు, నిజంగా భయపడే. సంగమ్మక్క గొంతు పెంచలేదు.

"సాయంత్రం దాకా ఇది ఆగది బావా. పక్కకు జరుగు."

ఆయన జరిగాడు. ఆమె ముందు లాగుతుంటే నేను వెనక నుంచి తోలాను. అది అడుగు తీసి అడుగు వేయడానికి ఆగుతోంది. మధ్యలో ముందు కాళ్లు మడవబోయింది. సంగమ్మక్క దాని మెడ కింద భుజం పెట్టి నిలబెట్టింది. ఎలాగో తన కొట్టంలో మిగిలిన సగం కప్పు కిందికి చేర్చాం. రేకుల కింద చొప్ప తడిక కట్టి ఉండడంతో అక్కడ నీడ చిక్కగా ఉంది. నడుము ఎత్తు గోడల మీదుగా గాలి అటునుంచి ఇటు ఆడుతోంది. చల్లటి గాలేమీ కాదు, ఎండాకాలపు గాలే. అయినా ఆడుతోంది. బోరు నీళ్లు దాని మీద మెల్లగా పోస్తూనే ఉన్నాం. తడిసిన ఒంటి మీదుగా గాలి పోతుంటే దాని చర్మం వణికింది. బసప్ప పొలం నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. డాక్టరుకు ఫోన్ కలిపితే, చేస్తున్నది ఆపొద్దని, తాను వస్తున్నానని చెప్పాడు.

చాలాసేపు ఏ మార్పూ లేదు. నేను బకెట్ల మీద బకెట్లు మోస్తూ దాని డొక్కల వైపే చూస్తున్నాను. మెల్లగా ఆ ఎగరడం తగ్గింది. నోరు మూసుకుంది. తల తిప్పి బకెట్లో మూతి పెట్టి, ఆపకుండా తాగింది. సంగమ్మక్క గోడకు ఆనుకుని కూర్చుని ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. అప్పటిదాకా ఆమె కళ్లలో చుక్క నీరు చూడలేదు నేను.

బసప్ప బర్రె చెవి పట్టుకుని చూశాడు, దాని వీపు మీద చేయి వేసి నిలబడ్డాడు. తర్వాత ఫోన్ తీసి ట్రాక్టరు అతనికి చేశాడు.

"ఇటుకలొద్దు. ఖేడ్‌ల పైపులు దొర్కుతయా చూడు. హుక్ బోల్టులు సుత జల్దీ పట్టుకరా."

డాక్టరు వచ్చి సూది వేసి, కడుపులో దూడ కదలిక బాగానే ఉందని చెప్పేసరికి రెండు దాటింది. మిగిలిన ఐదు బర్రెలనూ సగం కప్పు కిందికే మార్చి, ఎండ పడే వైపు తడి గోనెసంచులు వేలాడదీశాం. పైపులు వచ్చాయి. వెల్డింగు చేసే ఖాజా నారాయణఖేడ్ నుంచి బండి మీద వచ్చాడు. అతను పైన పైపులు అతికిస్తుంటే, చదును చేసిన రేకులకు బసప్ప తూట్లు పెట్టాడు. నేను కింద నుంచి బోల్టులు అందించాను. ఈసారి పడమటి చూరును కురచ చేశారు. రేకుల అంచుల మీదుగా పొడవునా ఇనుప పట్టీ వేసి బిగించారు. కొప్పు దగ్గర జానెడు సందు మాత్రం వదిలారు, దాని మీద వాన పడకుండా ఇంకో రేకు టోపీలా ఎత్తుగా పెట్టారు. పడమర గోడ మీద, పాత ఇటుకలతో సందులు వదిలి జాలీ కట్టాలని, దుమారం నేరుగా లోపలికి కొట్టకుండా అది అడ్డుకుంటుందని సంగమ్మక్క చెప్పింది. అది మేస్త్రి పని, మర్నాటికి పెట్టుకున్నారు.

ఒక పెద్ద రేకును పైకి లేపబోతే ముగ్గురి వల్లా కాలేదు. అంతసేపూ అరుగు మీదే ఉన్న వీరప్ప లేచి వచ్చాడు. రేకులు మళ్లీ ఎగిరిపోతే తనను పిలవొద్దని తమ్ముడితో చెబుతూనే రెండో కొస పట్టుకున్నాడు. ఆ తర్వాత పని ఆగేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

నాలుగున్నరకు కొట్టం వెనక్కి వెళ్లి రవికి ఫోన్ చేశాను. ముందు కప్పు లేచిపోయిన సంగతే చెప్పాను. తర్వాత బోల్టుల సంగతి, సూడి బర్రె సంగతి. లేచిపోయిందని నువ్వే చెప్తున్నవు, మన గోడలు కొట్టమని నువ్వే చెప్తున్నవు అన్నాడు. ఎగతాళిగా కాదు, అర్థం చేసుకోవడానికే.

"అవును. ఏం చేస్తే లేస్తదో చూసిన. ఏం చేస్తే లేవదో సుత చూసిన. ఇంకొక బర్రెను గా గోడల నడుమ చావనియ్య."

రవి ఒక్క ప్రశ్న వేశాడు. మన పాత పైపులు సరిపోతాయా, కొత్తవి తేవాలా అని. కొత్తవే తేవాలని, కట్టె ముక్క ఒక్కటి కూడా వాడొద్దని చెప్పాను. సరే, మేస్త్రికి చెప్తా, నువ్వు పైలంగ రా అన్నాడు.

బసప్ప బండి మీద నన్ను నారాయణఖేడ్ బస్టాండ్ దాకా దింపాడు. నేను దిగేటప్పుడు, ఊళ్లో ఎవరేమన్నా ఇగ పర్వాలేదు అన్నాడు. అది నాతో అన్నాడో తనకు తాను చెప్పుకున్నాడో తెలియదు. సాయంత్రం సంగారెడ్డి బస్సు దొరికింది. మనూర్ వైపు నుంచి పొద్దు గూకాక ఆటోలు దొరకడం కష్టం కాబట్టి, ఆ దిక్కు వెళ్లేవాళ్లు ఐదు గంటలకల్లా బయటపడాలి.

సోమవారం మేస్త్రి వచ్చాడు. మూడు వైపుల గోడలు నడుము ఎత్తుకు దిగాయి. కొత్త పైపుల మీద రేకులు నాలుగు అడుగులు పైకి వెళ్లాయి. పని జరిగినన్ని రోజులూ చూడవచ్చిన వాళ్లందరూ ఏదో ఒకటి అన్నారు. దొంగలొస్తారన్నారు, చలికాలం ఏం చేస్తారన్నారు. దొంగలకు ఇనుప జాలీ బిగించాం, చలికి గోనె పరదాలు కుట్టించాను. మే నెల మధ్యాహ్నాలు మా బర్రెలు పడుకుని నెమరేస్తుంటే, రవి అన్నం తినడం ఆపి వెళ్లి చూసి వచ్చేవాడు. అక్కడ మనూర్ వైపు మే చివర్లో ఇంకో దుమారం వచ్చింది. సంగమ్మక్క కప్పు నిలబడింది. సూడి బర్రె అప్పటికే ఈనింది, ఆడదూడ. వీరప్ప తన కొట్టం పడమటి గోడలో రెండు చోట్ల ఇటుకలు తీయించాడట. ఎందుకని అడిగితే ఎలుకలు తొలిచాయని చెప్పాడట.

ఈ ప్రయాణంలో నేను చూడబోయింది ఒక పూర్తయిన కొట్టాన్ని. చూసింది కూలిన దాన్ని. అది చక్కగా నిలబడి ఉంటే కొలతలు రాసుకుని, ఫోటోలు తీసుకుని, మధ్యాహ్నం బస్సుకే వచ్చేసేదాన్ని. రేకులు ఎందుకు లేచాయో నాకు తెలిసేది కాదు. మా పాత కట్టెల మీదే మేకులు కొట్టించేదాన్నేమో కూడా. ఒక పని సగంలో చెడితే చేసిన ఆలోచనంతా తప్పని చుట్టూ ఉన్నవాళ్లు అంటారు, అలసిపోయి మనమూ నమ్ముతాం. సంగమ్మక్క నమ్మలేదు. చెడింది ఏదో దాన్ని వేరు చేసి చూసి, మిగతాదాన్ని వదలకుండా పట్టుకుంది. ఆ రోజు ఆమె పక్కన బకెట్లు మోసినందుకు నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంది.

మీరూ కొట్టం మార్చాలనుకుని ఎవరిదైనా చూడడానికి వెళ్తే, ఒక్క మాట గుర్తుంచుకోండి: మిట్టమధ్యాహ్నమే వెళ్లండి. ఉదయం పూట ఏ కొట్టమైనా చల్లగానే ఉంటుంది.